కిటికీలకు బొంతలు

మొదట కోడిగుడ్ల అట్టలు వచ్చాయి.

పోయిన ఎండాకాలం, యాసంగి వరికోతలు సగం అయిన రోజులు. పొద్దున్నే వాకిట్లో చాట ముందు పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నాను. మా వాడకట్టు లింబయ్య బిడ్డ సుకన్య, బోధన్‌లో డిగ్రీ చదివిన పిల్ల, స్కూటీ వెనక తనకంటే ఎత్తున ఖాళీ అట్టలు కట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇంకో బండి మీద సన్నగా, జుట్టు పెంచుకున్న పిల్లవాడొకడు. వాడి ముందూ వెనకా కూడా అట్టలే. రెండు బండ్లూ మా ఇంటి ఎదురుగా మహిళా సంఘం భవనం ముందు ఆగాయి.

ఆ భవనం తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. సంఘం మీటింగులు ఎప్పుడో ఆగిపోయాయి. తర్వాత కొన్నాళ్లు అక్కడే రాత్రి బడి నడిచింది. నా భర్త రాజనర్సు పోయాక, తల నెరిసే వయసులో నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ గదిలోనే. బడి కూడా బంద్ అయ్యాక, ఎదురిల్లు కదా అని తాళం వేసి చెవి నాకిచ్చి పోయారు. అప్పటి నుంచి అది గబ్బిలాలదే.

"అవ్వా, భవనం చెవి ఇస్తవా?" అంది సుకన్య.

"ఎందుకు?"

"మేము కొంతమందిమి అండ్ల పని చేసుకుంటం. పంచాయతీల అడిగినం. ఖాళీగనే ఉన్నది గదా, సాఫ్ చేసుకొని వాడుకోండ్రి అన్నరు."

"కోడిగుడ్ల యాపారమా?"

ఆ పిల్లవాడు నవ్వాడు. "గుడ్లు లేవవ్వా, ఒట్టి అట్టలే."

"గుడ్లు లేని అట్టలు ఏం జేసుకుంటవు? నువ్వెవని కొడుకువు?"

"నా పేరు నితీష్ అవ్వా. బోధన్‌ల ఫ్లెక్సీల దుకాణంల పని చేస్త. ఈ అట్టలు గోడలకు అతికిస్తం. లోపటి సప్పుడు లోపటనే ఉంటది, బయటి సప్పుడు లోపటికి రాదు."

"లోపటి సప్పుడు లోపటనే ఉంచే పని ఏందో ముందు చెప్పు."

సుకన్య నా పక్కన కూర్చుంది. "కథలు చెప్తం అవ్వా. గొంతులతోటి. అవి రికార్డు చేసి ఫోన్లల్ల పెడ్తం. నితీష్ బొమ్మలు గీస్తడు, వెనుక మా గొంతులు వస్తయి. మా మొకాలు కనవడయి. కనవడితే మా ఇండ్లల్ల ఊకుంటరా?"

చప్పుడు దాచుకునే పని. ముఖం దాచుకునే పని. నాకు ఒక్కటీ నచ్చలేదు.

"మిమ్ములను నాగేందర్ పంపిండా?" అని అడిగాను. నాగేందర్ మా గ్రామాభివృద్ధి కమిటీలో పెద్ద మనిషి. మా దిక్కు ఊర్లలో పంచాయతీ మాట కంటే కమిటీ మాటే ముందు నడుస్తుంది. ఆ భవనం ఎరువుల గోదాముకు పనికొస్తుందని అతను అప్పటికే రెండు మూడు సార్లు నా చెవిన వేసి ఉన్నాడు. పిల్లలను ముందు పెట్టి తాళం తీయిస్తున్నాడేమో అనుకున్నాను.

"ఆయనకు తెల్వనే తెల్వదు," అంది సుకన్య.

అప్పుడు నా వెనక నుంచి మాట వచ్చింది. "ఇయ్యరాదు అత్తమ్మా. గబ్బిలాల కన్న మనుషులు నయం గదా."

మా కోడలు సవిత. నా కొడుకు హన్మండ్లు పెండ్లి అయిన ఆరో నెలలో సౌదీకి పోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఇద్దరమే. సవిత పొద్దంతా బీడీలు చుడుతుంది, అడిగితే మాట్లాడుతుంది, అడగకపోతే లేదు. అలాంటిది అడగకుండా మాట్లాడింది. తిరిగి చూశాను. తల వంచుకుని దారం చుడుతోంది.

చెవి ఇచ్చాను. తలుపు మాత్రం తెరిచే ఉంచాలి అన్నాను.

కొన్నాళ్లు తెరిచే ఉంచారు. ఐదారుగురు పిల్లలు, అందులో ముగ్గురు ఆడపిల్లలు, గబ్బిలాలను వెళ్లగొట్టారు, బూజు దులిపారు, బయటి గోడకు సున్నం వేశారు. ఒకరోజు లోపలికి పోయి చూస్తే నాలుగు గోడలూ గుడ్ల అట్టలతో నిండిపోయాయి. రాత్రి బడి నాటి అక్షరాలు నల్లబల్ల పక్కన గోడ మీద రంగుల్లో ఉండేవి. అవి కనబడలేదు.

"నా అ ఆలు ఏవిరా?" అన్నాను.

"అట్టల కింద ఉన్నయవ్వా, చెరపలే," అన్నాడు నితీష్.

మరునాడు కిటికీలకు బొంతలు కట్టారు. ఆ తర్వాత తలుపు మూశారు.

మా బోధన్ దిక్కు ఎండలు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. కుక్కలు కూడా మోరీలలో పడుకునే రోజులు. ఆ ఎండలో కిటికీలకు బొంతలు కట్టి, తలుపు గడియ పెట్టుకుని, చప్పుడు వస్తుందని ఫ్యాన్ కూడా బంద్ చేసుకుని, వయసులో ఉన్న ఆడపిల్లలూ మగపిల్లలూ లోపల కూర్చుంటే ఊరు ఏమనుకోవాలి?

ఏమనుకుంటుందో సత్తవ్వ చెప్పింది. వాడకట్టు ఆడవాళ్లం నలుగురం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఒకే ఫ్యాన్ కింద కూర్చుని బీడీలు చుడతాం.

"అక్కా, చెవి నువ్వే ఇచ్చినవట," అంది సత్తవ్వ.

"ఇచ్చిన. అయితే?"

"ఏం లేదు. ఉడుకకు సస్తలేరా లోపట? చెమటలు గారుకుంట బయటికొస్తుండ్రు, నవ్వుకుంటొస్తుండ్రు. గంత నవ్వు ఏముంటదో లోపట."

"నీ నోట్లె జర్ద వొయ్య! ఊకోయే," అన్నాను. బీడీలు చుట్టే ఇంట్లో జర్దా పొగాకు ఎప్పుడూ చేతి కిందే ఉంటుంది కాబట్టి నా తిట్లు కూడా జర్దాతోనే ఉంటాయి.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ సవిత అడిగింది. "అత్తమ్మా, మధ్యాహ్నం సత్తవ్వను ఏమని తిట్టినవు?"

"ఎందుకు?"

"ఊకనే."

ఊరికే ఎవరు అడుగుతారు? ఆ మధ్య ఆమె నన్ను చూసే తీరు మారింది. నేను మాట్లాడితే నా కండ్ల వైపు కాక నోటి వైపు చూస్తుంది. నేను పాలమనిషితో గొడవ పడితే చేతిలో పని ఆపి వింటుంది. ఆ వారంలోనే భవనంలోకి పోవడం మొదలుపెట్టింది. మొదట సుకన్యకు నీళ్లిచ్చి వస్తానంది. తర్వాత కారణం చెప్పడం కూడా మానేసింది. పని ముగించుకుని పోతుంది, చెమటతో తడిసిపోయి వస్తుంది. కండ్లు మాత్రం మెరుస్తుంటాయి. భర్త ఊర్లో లేని ఆడదాని కండ్లలో అంత మెరుపు చూస్తే ఏ అత్త ఊరుకుంటుంది?

ఒకరోజు భవనం వెనక్కి పోయి గోడకు చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. అట్టలు బాగానే పనిచేస్తున్నాయి.

"ఏం జేస్తరు లోపట?" అని సవితనే అడిగాను.

"కథలు చెప్తరు."

"నువ్వేం జేస్తవు?"

"ఇంట."

అబద్ధమని తెలిసిపోయింది. వినే మనిషికి గొంతు బొంగురుపోదు కదా.

ఇంకో విచిత్రం మొదలైంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతే నన్ను చూసి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. చాయ్ హోటల్ ముందు నుంచి పోతుంటే పోరగాళ్లు మాట ఆపి, నేను దాటాక గొల్లున నవ్వుతున్నారు. నా ఇంటి గురించే అనుకున్నాను. తెలియనిది నాకొక్కదానికే అనుకున్నాను. అది నిజమే, కానీ నేను అనుకున్న తీరుగా కాదు.

నాగేందర్ ఒకనాడు వాకిట్లో నిలబడి దగ్గాడు. అతని దగ్గు మనిషి కంటే ముందు వస్తుంది.

"వెంకటక్కా, నీ మంచికే చెప్తున్న. కమిటీల మాటొచ్చింది. భవనంల ఏం నడుస్తున్నదో ఎవ్వరికి తెల్వదు. మీ సవిత పేరు గూడ వస్తున్నది."

"ఎవలి నోట్లె వస్తున్నది?"

"ఊరి నోట్లె. నువ్వు చెవి కమిటీకి ఇచ్చేయి. తాళమేస్తం. నీకు రంధి పోతది."

"తాళమేసి?"

"ఏసి ఏంది? ఏస్తం అంతే."

నేను చెవి ఇవ్వలేదు. పిల్లల మీద నమ్మకంతో కాదు, అతని మీద అంతకంటే ఎక్కువ అనుమానంతో. కానీ అతను పోయాక సవితను పిలిచి, "రేపటి సంది గడప దాటకు," అన్నాను. ఆమె సరే అనలేదు, కాదనలేదు. మరునాడు మళ్లీ పోయింది.

శుక్రవారం సౌదీలో సెలవు. ఆరోజు మధ్యాహ్నం హన్మండ్లు ఫోన్ చేస్తాడు. నాకు చెవులు కొంచెం మందం కాబట్టి ఫోన్ గొంతు పెద్దగా పెట్టుకుంటాను, ఫోన్‌లో మాట గదంతా వినబడుతుంది. ఆరోజు ఇంట్లో సవితా నేనూ తప్ప ఎవరూ లేరు. ఆమె అవతలి గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది.

"అవ్వా, మంచిగున్నవా? సవిత పక్కకున్నదా?"

ఆమె వైపు చూశాను. "లేదు బిడ్డా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"నాగేందరన్న ఫోన్ చేసిండు. గా భవనంల ఏం నడుస్తున్నదే? కిటికీలకు బొంతలు కట్టి, తలుపు పెట్టుకొని... అండ్లకు సవిత రోజు పోతున్నదట. నేనీడ ఎండల సస్తుంటే ఊర్ల నా ఇజ్జత్ తీస్తదా? రేపు పొద్దుగాల జక్రాన్‌పల్లికి తోలియ్యి, వాళ్ల అవ్వగారింటికి. నేనొచ్చినంక మాట్లాడ్త. మల్ల తోలుకొచ్చుకునుడా లేదా అప్పుడు సూస్త."

సవిత తల ఎత్తలేదు. చేతులు ఆగిపోయాయి.

"నేను పోతున్ననని ఎవలన్న చెప్పిండ్రా?" అని ఏదో ఒకటి అనాలని అన్నాను.

"నువ్వు పోతే ఏంగాదవ్వా. నువ్వు పోతున్నవని చెప్పాల్నా? నేను రోజు ఇంటలేనా?"

"ఏం ఇంటున్నవు?"

"దాస్తవేందే! పోశవ్వ నువ్వే గదా! గా కథలల్ల అత్త. మా రూమ్‌ల కరీంనగర్ పోరగాండ్లు సుత డ్యూటీ కాంగనే గదే పెడ్తరు. మొదటిపారి ఇన్నప్పుడు నేను తినుడు ఆపి, గిది మా అవ్వ అన్న. ఎవ్వరు నమ్మలే. 'నీ నోట్లె జర్ద వొయ్య' అంటవు సూడు, గాడ నవ్వి నవ్వి నాకు ఏడుపొచ్చింది అవ్వా. ఇంటికాడ కూసున్నట్టే అనిపిచ్చింది."

సవిత ముఖంలో నెత్తురు లేదు. కార్ఖానాలో కొంగులు నోటికి ఎందుకు అడ్డం పోయాయో, ఆమె నా నోటి వైపు ఎందుకు చూసేదో, గొంతు ఎందుకు బొంగురుపోయేదో, అన్నీ ఒక్కసారి నాకు అర్థమయ్యాయి. ఊరంతా నవ్వుతున్నది నా కోడలి మీద కాదు. నా మీద.

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"అవును, నేనే," అన్నాను.

"సూసినవా! నాకు తెల్వదా నీ గొంతు!"

"కాయితం సూసి సదువుడు నాకు నిదానం. పక్కన కూసోని అందియ్యాలె. అందుకే సవితను తోల్కపోతున్న. నాగేందర్‌కు నేను కనవడలే, ఆమె ఒక్కతే కనవడ్డదా?"

"గట్లనా? మరి గాయన గట్ల చెప్పలే."

"నీ పెండ్లాం ముచ్చట గాయనను అడుగుతవా, నన్నడుగుతవా?"

"సరె తియ్యి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి సవిత వైపు తిరిగాను.

"నేను గంత గలీజుగ మాట్లాడ్తనా?" అన్నాను.

"గలీజు కాదు అత్తమ్మా."

"మరెందుకు నవ్వుతుండ్రు?"

"అందరిండ్లల్ల అట్లనే ఉంటది గద. అందుకు."

"అను ఒకపారి. నా ముందట."

అననంది. వదల్లేదు నేను. చివరికి చాట పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది. కింది పెదవి లోపలికి పట్టింది. "ఎవలే నువ్వు? ఎవలింటికి? పొద్దుగాల ఎందుకొచ్చినవు, మాపటికి రాకూడదా? మాపటికొస్తే మాపటికెందుకొచ్చినవంట గని..." అంది. అది నా గొంతు. మాటల మధ్య నేను ముక్కు ఎగబీల్చడం కూడా అందులో ఉంది.

నాకు నవ్వు రాలేదు. మెడ మీద చీమలు పాకినట్టయింది. ఇన్నాళ్లు ఈ పిల్ల నా మాట చెవిన పెట్టదనుకున్నాను. ఒక్క మాట కూడా వదలలేదు.

కొడుకుతో అలా ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ప్రేమతో కాదు. ఆమెను జక్రాన్‌పల్లి పంపితే ఊరన్నది నిజమవుతుంది, పోయేది నా ఇంటి పేరే. అదే కారణం కావచ్చు. ఆరోజు ఆమె మీద నాకు ఆవగింజంత నమ్మకం కూడా లేదు.

అన్నాక పోక తప్పలేదు. మరునాడు సవిత వెంట భవనంలోకి పోయాను. లోపల కొలిమిలా ఉంది. వెదురు కట్టెకు మైకు కట్టి దానికి నల్ల సాక్సు తొడిగారు. సుకన్య కోడలి మాటలు చదువుతుంది, మా సవిత అత్తవి. నితీష్ చెవులకు డిప్పలు పెట్టుకుని ఒక మూల కూర్చుంటాడు. నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కత్తెర చప్పుడు పడుతుంది, బీడీలు చుట్టొద్దు అన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో కనిపెడుతూనే ఉన్నాను. అందరూ కాగితం వైపే చూస్తున్నారు.

సగంలో ఉండగా తలుపు దబదబ బాదారు. ఆ వెంటే దగ్గు. నేనే లేచి గడియ తీశాను. నాగేందర్, వెనక కమిటీవాళ్లు ఇద్దరు.

"ఏందుల్లా?" అన్నాను.

"వెంకటక్కా, కమిటీ తీర్మానమైంది. భవనం ఖాళీ చేయిపియ్యాలె."

"మీ కమిటీల ఆడోల్లు ఎందరున్నరు?"

"గదెందుకు ఇప్పుడు? లోపట తలుపు పెట్టుకొని ఏం జేస్తుండ్రు?"

"లోపట నేనున్న. నన్నడుగు."

"ఇయ్యాల ఉన్నవు. నిన్న?"

"నిన్ననా? నిన్న నువ్వెక్కడున్నవో నేను చెప్పాల్నా? ఈ గోడ పొంటి అడుగులేసుకుంట పోయినవు. మల్ల తిరిగి ఆ గోడ పొంటి పోయినవు. తలుపుకాడ చేతులు చాపి ఎడల్పు సూసినవు. బస్తాలు పడ్తయా పట్టయా అని. పోరగాండ్లు ఖరాబైతుండ్రని రంధి ఉన్నోడు లోపటికి తొంగి సూస్తడు. నువ్వు గోడలు కొలిచినవు. నా కండ్లు ఇంక మంచిగనే ఉన్నయి. నీ నోట్లె జర్ద వొయ్య, పో!"

వెనకున్న ఇద్దరిలో ఒకతను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాగేందర్ ఏదో అనబోయి, దగ్గు వచ్చి, అలాగే వెళ్లిపోయాడు.

తలుపు వేసి వచ్చేసరికి నితీష్ నన్నే చూస్తున్నాడు. "అవ్వా, అంత పడ్డది."

"ఏం పడ్డది?"

"నీ గొంతు, ఆయన దగ్గు. మైకు బంద్ చెయ్యలే."

సవిత డిప్పలు తీసుకుని చెవులకు పెట్టుకుని విన్నది. "నాకంటె మంచిగన్నవు అత్తమ్మా," అంది. మెచ్చుకున్నదో, వెక్కిరించిందో ఇప్పటికీ తెలియదు.

అతని పేరు మార్చి దాన్ని ఫోన్లలో పెట్టారు. దగ్గు మార్చలేదు. అంతే చాలింది, ఆ తర్వాత అతను మా వాడకట్టులోకి రాలేదు. గోదాము మీద ఆశ వదిలాడని నేను అనుకోను. తాళంచెవి బొడ్లోనే పెట్టుకుని పడుకుంటున్నాను.

మళ్లీ శుక్రవారం వచ్చింది.

"అవ్వా, పోశవ్వా!" అని పిలిచాడు హన్మండ్లు. వెనక చాలామంది గొంతులు. "స్పీకర్ల పెట్టిన. దోస్తులు నమ్ముతలేరు. ఒక్కమాట అను. గా కోడలు కొత్త చీరె కట్టుకున్నప్పుడు అన్నవు సూడు, గది."

నాకు ఆ మాట తెలియదు. తెలిసినా అడిగితే అనగలిగేదాన్ని కాదు. నాగేందర్ ముందు వచ్చిన నోరు కొడుకు ముందు రాలేదు. "అవ్వా?" అన్నాడు వాడు.

ఫోన్ సవిత చేతిలో పెట్టాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవలకమ్మా గీ చీరె? మొగడు సౌదీల, చీరె ఈడ. బర్రె సూడాల్నా, నేను సూడాల్నా?" అంది నా గొంతుతో. అవతల గది గదంతా నవ్వింది. ఇంకోటి, ఇంకోటి అని అరిచారు. ఇంకోటి అంది. అందరి కంటే పెద్దగా నా కొడుకు నవ్వు వినబడుతోంది. వాడు అలా నవ్వగా నేను విని ఎన్నాళ్లయిందో.

"ఇగ చాలు. స్పీకర్ బంద్ చెయ్ కొడుకా," అంది సవిత. నా గొంతే, కొంచెం తగ్గించి. "నీతోని ఒక మాటున్నది."

"చెప్పవ్వా."

"పెండ్లయినంక ఆరు నెలలు ఉన్నవు ఇంట్ల. పోయి రెండేండ్లాయె. ప్రతి శుక్రారం ఫోన్ చేస్తవు. బర్రె ఎట్లున్నదని అడుగుతవు, వాన పడ్డదా అని అడుగుతవు. ఆ పిల్లను ఎట్లున్నవని ఒక్కనాడన్న అడిగినవా? ఎవడో ఏదో చెప్తే ఆమెను అడగక ముందే అవ్వగారింటికి తోలుమన్నవు. ఆమె ఇన్నది బిడ్డా. గదిలనే ఉండె. నేను నీకు అబద్ధం చెప్పిన."

ఆ చివరి మాట నాది. నేను చెప్పవలసింది. ఆమె నా తరఫున చెప్పేసింది.

సవిత ఫోన్ దించలేదు. ఫోన్ లాక్కోవాలా, "నేను కాదురా అన్నది" అనాలా అని ఒక క్షణం నాకు అనిపించింది. లాక్కోలేదు.

"సరె అవ్వా," అన్నాడు హన్మండ్లు చివరికి. గొంతు మారిపోయింది. "ఫోన్ సవితకియ్యి."

సవిత ఫోన్ చెవి నుంచి తీసింది. కొంగు తల మీది నుంచి భుజం మీదికి జార్చుకుంది. ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతిలోకి పోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. గొంతు సవరించుకుని, ఇంకో చెవికి పెట్టుకుంది.

"చెప్పు," అంది తన గొంతుతో.

నేను చాట తీసుకుని వాకిట్లోకి వచ్చాను. తలుపు దగ్గరికి వేశాను. పూర్తిగా వేయలేదు.